అందని సిగ్నలు, ఊడిన పన్ను

ఆ సోమవారం పొద్దున పంపాయన పెట్టుకున్న పనుల్లో పెద్దవేమీ లేవు. పాలు కాచుకోవాలి. పెరటి కుళాయికి వాషరు మార్చాలి. ఈ రెండింటి మధ్యలో బావమరిదికి రేడియోలో ఒక ప్రశ్న పంపి, జవాబు రాగానే పెట్టె పక్కన పడెయ్యాలి. ఎండ ముదరకముందే రోజు అయిపోతుంది. ఆ తర్వాత మిగిలే రోజును ఏం చేసుకోవాలో భార్య పోయిన నాటి నుంచీ ఆయనకు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు.

నీటి సరఫరా ఆఫీసులో పంపు నడిపి రిటైరైన మనిషి కాబట్టి వీధిలో అందరికీ ఆయన పంపాయన. మాట తక్కువ. ఎప్పుడైనా మాట్లాడితే, ఈయన ఊరుకుని ఉంటేనే బాగుండేదని ఎదుటివాడికి అనిపిస్తుంది.

బావమరిది ఊరికి అవతలి కొసన కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజుల్లో అతను ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. అంతా అయిపోయాక వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంక చూడ్డానికి ఏముందని వచ్చావ్? నా గుమ్మం నువ్వు తొక్కొద్దు, నీ గుమ్మం నేను తొక్కను. ఫోను కూడా చెయ్యకు," అన్నాడు పంపాయన. బావమరిది కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. అలా కిక్కురుమనకుండా వెళ్ళడాన్ని కూడా పంపాయన అతని నేరాల్లోనే కలిపేశాడు.

అయితే ఇద్దరూ ఊళ్ళోని రేడియో సంఘంలో సభ్యులు. గాలివానకు ఫోన్లు మూగబోయినా మాట ఆగకూడదని పెట్టుకున్న సంఘం అది. ప్రతి సభ్యుడి మేడ మీదా ఒక యాంటెన్నా, దాని కేబుల్ కొసన అరచేతిలో ఇమిడే పెట్టె. పెట్టెకు చిన్న తెర, చిన్న చిన్న మీటలు. కేబుల్ విప్పి పొట్టి యాంటెన్నా తగిలిస్తే జేబులో వేసుకుని తిరగొచ్చు. ఒక పెట్టెలో కొట్టిన మాటను దగ్గర్లోని పెట్టె అందుకుని పక్కదానికి అందిస్తుంది, అది ఇంకోదానికి. అలా చేతులు మారుతూ ఊరు దాటుతుంది. మధ్యలో ఏ కంపెనీ టవరూ లేదు. ఎవరికి పంపిన మాట వాళ్ళ పెట్టెలోనే తెరుచుకుంటుంది, దారిలో మోసేవాళ్ళకు కనిపించదు. రోజూ పొద్దున సభ్యులు తమ జోడీని పలకరించి, సిగ్నలు ఎంత బలంగా ఉందో కనుక్కోవాలన్నది నియమం. పంపాయనకు జోడీ బావమరిది. ఆ జోడీలు కట్టిన రోజుల్లో ఆమె ఇంకా ఉంది.

ఒట్టు పెట్టుకున్నది గుమ్మం గురించి, ఫోను గురించి. రేడియో గురించి ఆయన ఏమీ అనలేదు. అందుకని రోజూ పొద్దున "వినిపిస్తోందా?" అని పంపేవాడు. "వినిపిస్తోంది" అన్న మాటా, పక్కనే ఒక అంకే వచ్చేవి. అంతకుమించి ఇద్దరిలో ఎవరూ ఒక్క అక్షరం వాడలేదు. పైకి అది సంఘం నియమం. లోపల సంగతి వేరు. ఆమె వైపు మనుషులతో ఆయనకు మిగిలిన సంబంధమల్లా ఆ ఒక్క అంకే. అది కూడా తెగితే మళ్ళీ కలుపుకోవడానికి దారి లేదు. ఉన్న దారులన్నీ తనే మూసుకున్నాడు.

ఆ సోమవారం జవాబు రాలేదు. పెట్టె కాసేపు ఆలోచించి, "అందలేదు" అని చూపించింది.

పంపాయన మళ్ళీ పంపాడు. అందలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కేబుల్ కొస విప్పి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించాడు. అందలేదు. మేడ ఎక్కి, అతుకుల దగ్గర నీళ్ళు దిగాయేమోనని కేబుల్‌ను వేలితో తడుముకుంటూ కింది దాకా వచ్చాడు. చుక్క తడి లేదు. ఒక ఫోను చేస్తే తేలిపోయే సంగతి. ఆయన ఫోను వైపు చూశాడు కూడా. చూసి, దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

ఆయనకు తెలిసిన శాస్త్రం నీళ్ళది. ధార చాలకపోతే ట్యాంకు ఎత్తు పెంచాలి. సిగ్నలు చాలకపోతే యాంటెన్నా ఎత్తు పెంచాలి. అటక మీద పాత ఇనప గొట్టం ఉంటే మేడ మీదికి ఈడ్చుకెళ్ళి, కొసన యాంటెన్నా కట్టి నిలబెట్టాడు. పడిపోకుండా నాలుగు పక్కలా తీగలు లాగి, పిట్టగోడకు మూడు కట్టాడు. నాలుగోదానికి గట్టి ఆధారం కనిపించక, నీళ్ళ ట్యాంకు నుంచి దిగే పైపుకు బిగించాడు. జీవితమంతా పైపులతో గడిపిన మనిషి పైపుకు తీగ కట్టడమేమిటని ఎవరైనా అడగొచ్చు. కోపంలో ఉన్నవాడికి చేతివృత్తి గుర్తుండదు.

మధ్యాహ్నం గాలి లేచింది. గొట్టం ఒక పక్కకు ఊగింది. తీగ పైపును పెకలించుకుని పోయింది.

కింది వాటాలో అద్దెకుంటున్న టీచరమ్మ మెట్ల మీద కేకలు వేసింది. "బాబాయిగారూ! పైన ఏం చేస్తున్నారండీ? మెట్ల మీంచి ఏరు దిగుతోంది!"

"రేంజి పెంచుతున్నా."

"పెరిగిందండీ! మా మంచం కింద దాకా వచ్చింది. పరీక్ష పేపర్లన్నీ అక్కడే పెట్టుకుని దిద్దుతున్నాను. ఇప్పుడు ఏ పిల్లాడు ఏం రాశాడో ఎలా తెలుస్తుంది?"

"అందరికీ సగం సగం మార్కులు వేసెయ్యి."

"మీ పంతులుగారు మీకలాగే వేశారా?"

"నాకు సగం వచ్చిన పాపాన పోలేదు," అన్నాడు పంపాయన, వాల్వు కట్టేస్తూ.

సాయంత్రానికి పైపు అతికాడు. టీచరమ్మ పైకొచ్చి, ఆయన యాంటెన్నాకు కట్టిన తీగల మీదే తడి పేపర్లను వరసగా ఆరేసింది. వద్దనడానికి ఆయనకు మొహం చెల్లలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి పంపి చూశాడు. అందలేదు.

మర్నాడు గేటు చప్పుడైంది. బావమరిది భార్య లోపలికొచ్చి, ఎవరూ పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం చెల్లెమ్మా, ఇలా వచ్చావ్?"

"ఒట్టు మీ ఇద్దరిదీ అన్నయ్యా. నన్నెవరూ అందులో కలపలేదు. మీ రేడియోకి ఏమైనా అయిందా?"

"దేనికి?"

"మీరే కావాలని ఆపేశారేమో కనుక్కుని రమ్మన్నారు. కనుక్కోమన్నట్టు చెప్పొద్దన్నారు."

పంపాయనకు ఒళ్ళు మండింది. "నేను ఆపానా? ఆపినవాడు వాడు! నిన్న పొద్దుటి నుంచీ చస్తున్నా పలకడు."

"ఆయన కూడా నిన్న పొద్దుటి నుంచీ మేడ దిగలేదన్నయ్యా. నా బట్టలు ఆరేసుకునే గడ పీకి దానికి యాంటెన్నా కట్టారు. మీ నిచ్చెనే వేసుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఇవాళ దుకాణం మీది బోర్డు కూడా ఊడదీశారు. ఇనప బోర్డు సిగ్నలుకు అడ్డమంట. కళ్ళు కనపడట్లేదని వచ్చినవాళ్ళకు దుకాణమే కనపడట్లేదు."

ఇది విని పంపాయన కాస్త చల్లబడాల్సింది. ఆయన అర్థం చేసుకున్నది వేరు. తను గొట్టం ఎత్తగానే వాడు గడ ఎత్తాడంటే పోటీకి దిగాడన్నమాట. దిగినవాడు దారికి అడ్డం పడక ఊరుకుంటాడా? "వాడు ఏం చేస్తున్నాడో నాకు తెలుసని చెప్పు," అన్నాడు. "చెప్పమన్నానని మాత్రం చెప్పకు."

"మీ ఇద్దరికీ నేనే యాంటెన్నానైపోయాను," అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

రేడియో సంఘానికి కార్యదర్శి పళ్ళ డాక్టరు. సిగ్నలు సరిచేసే పద్ధతి గురించి ఆయన మొదటి రోజే సభ్యులకు చెప్పాడు. ఒక కొసన ఉన్నవాడు కదలకుండా ఉండాలి, రెండో కొసన ఉన్నవాడు ఒక్కో మార్పూ చేసి చూడాలి, ప్రతి మార్పు తర్వాతా ఇద్దరూ మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవడం కుదరనివాళ్ళు ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. పంపాయన యాంటెన్నాను తూర్పు పిట్టగోడ మీదికి మార్చిన పూటే బావమరిది తన యాంటెన్నాను పడమటికి మార్చాడు. ఈయన ఎత్తు తగ్గించి చూద్దామనుకున్న పూటే అతనూ తగ్గించాడు. ఒకరి దిద్దుబాటును ఇంకొకరి దిద్దుబాటు తినేస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఎవరి మేడ మీద వాళ్ళు నిలబడి, అవతలివాడు కావాలనే చేస్తున్నాడని పళ్ళు కొరుక్కున్నారు.

మూడో రోజు పంపాయనకు "వినిపిస్తోందా?" అని అడిగి అడిగి విసుగెత్తింది. వేరే ఏదైనా పంపి చూద్దామని "ఒరేయ్" అని కొట్టాడు.

అందలేదు.

"దొంగ వెధవా" అని కొట్టాడు.

అందలేదు.

ఆయన గుండెల్లో ఏదో తేలికపడింది. ఇన్నాళ్ళుగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది. అయినా ఒట్టు చెడలేదు, అవతలివాడు వినలేదు. ఇంతకన్నా మర్యాదైన పోట్లాట ఉండదు. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని స్థిమితంగా కూర్చున్నాడు.

"మీ అక్క తలుపు వైపే చూస్తూ పడుకుంది. అటు తిరిగి పడుకోమంటే వినలేదు. నీ కోసమే చూసింది." అందలేదు. "నా నిచ్చెన పట్టుకుపోయి ఎన్నేళ్ళయిందిరా?" అందలేదు. "నువ్విచ్చిన కళ్ళజోడుతో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు. ఒక్కడితోనే వేగలేకపోతున్నా." అందలేదు. "ఆ రోజు గుమ్మంలో నిలబడి ఒక్క మాటన్నా అనలేకపోయావా? నా తప్పు లేదు బావా అని ఒక్క ముక్క అని ఉంటే నిన్ను లోపలికి రానిచ్చేవాణ్ణేమో." అందలేదు.

రెండు రోజులు అదే పని. వంట మానేశాడు. వాషరు సంగతి గురువారం గుర్తొచ్చి పెరట్లోకెళ్ళాడు. మార్చి వచ్చి, తడి చేతులతోనే మళ్ళీ మీటలు నొక్కాడు. ఈసారి తిట్టు రాలేదు.

"ఇందాక కుళాయి బిగిస్తుంటే, గట్టిగా తిప్పకండి మర పోతుంది అని మీ అక్క వెనక నుంచి అన్నట్టయింది. సరేలే అని వెనక్కి తిరిగాను కూడా. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నువ్వు నవ్వవు. అందుకే నీకు చెబుతున్నా."

అందలేదు. అందనందుకు ఆయన దేవుడికి దండం పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున పళ్ళ డాక్టరు గేటు ముందు స్కూటరు ఆపాడు. మొహం వెలిగిపోతోంది.

"పెద్దాయనా, మీకో మంచి కబురు! సోమవారం నాడు నా క్లినిక్కులో పాత పెట్టె తీసేసి కొత్తది పెట్టాను. ఇంక మన సంఘంలో ఒక్క మాట కూడా వృథాగా పోదు."

"అంటే?"

"అవతలి మనిషికి అందని మాటలన్నీ అది దాచి ఉంచుతుంది. ఎప్పుడైతే ఆ మనిషి అందుతాడో, అప్పుడు ఒక్కటీ వదలకుండా వరసగా పంపేస్తుంది."

పంపాయన గేటు పట్టుకున్నాడు. "సోమవారం నుంచీ దాస్తోందా?"

"పొద్దుటి నుంచే. మీ ఇంటి నుంచి వచ్చేవి బ్రహ్మాండంగా అందుతున్నాయి."

"తుడిచెయ్యడం కుదరదా?"

"తుడవడమెందుకండీ! ఏదో టెస్టులేగా?"

"టెస్టులే."

"కరెంటు పోతే మాత్రం అన్నీ పోతాయి. అందుకే పెట్టెను నా కుర్చీ పక్కనే గోడ ప్లగ్గుకు తగిలించాను, బ్యాటరీ లైను మీద. మీరేం బెంగ పెట్టుకోకండి. ఆదివారం మీ ఇంటికీ మీ బావమరిది ఇంటికీ నేనే వచ్చి రేంజి సంగతి తేల్చేస్తాను. ఇప్పుడు ఆయనకు చెప్పే వస్తున్నా. ఎందుకో పాపం, వినగానే ఆయన మొహం పాలిపోయింది. ఆరోగ్యం బాగాలేనట్టుంది."

డాక్టరు వెళ్ళాక పంపాయన మేడ ఎక్కి యాంటెన్నాను ఊడబీకి నేల మీద పడుకోబెట్టాడు. సిగ్నలు రావాలని నాలుగు రోజులు చేసిన చాకిరీని ఒక్క నిమిషంలో విరగ్గొట్టాడు. ఆ తర్వాత తెలిసొచ్చింది. తన యాంటెన్నా దించితే లాభమేమిటి? మాటలు ఎప్పుడో ఇల్లు దాటాయి. అవి డాక్టరు కుర్చీ పక్కన కూర్చుని బావమరిది కోసం ఎదురుచూస్తున్నాయి. తిట్లు చేరితే చేరనీ. వాటికి తగినవాడే. కుళాయి సంగతి మాత్రం చేరకూడదు. తనను తిట్టేవాడిగా చూసినా ఫరవాలేదు. వెనక్కి తిరిగి చూసినవాడిగా చూస్తే, ఇంక ఆ ఒట్టుకు విలువేముంటుంది?

ఆ కుర్చీ దాకా వెళ్ళడానికి ఒకటే దారి. శనివారం పొద్దున పంపాయన చెంప మీద చెయ్యి వేసుకుని క్లినిక్కుకు బయల్దేరాడు. పెట్టెకు పొట్టి యాంటెన్నా తగిలించి జేబులో వేసుకున్నాడు. మాటలు చెరిగిపోయిందీ లేనిదీ దాని తెర మీద తెలియాలి కదా.

క్లినిక్కు ముందు గదిలో ఒక బెంచీ, గోడ మీద పెద్ద పన్ను బొమ్మ. బెంచీ మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. బుగ్గ ఉబ్బి ఉంది, పెదవుల మధ్య నుంచి దూది తొంగిచూస్తోంది. జేబులోంచి పొట్టి యాంటెన్నా పైకి పొడుచుకొచ్చింది. మనిషి నెరిసిపోయాడు. ఎంతకాలమైందో చూసి. ఇద్దరి కళ్ళూ కలిశాయి. వెంటనే ఇద్దరూ గోడ మీది పన్ను బొమ్మను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు.

"లోపలికి రండి పెద్దాయనా," డాక్టరు పిలిచాడు. "ఏ పన్ను?"

పంపాయన కుర్చీలో వాలి, నోటికొచ్చినదాన్ని చూపించాడు. డాక్టరు చిన్న ఇనప పుల్లతో తట్టాడు. "నొప్పా?"

"నొప్పే."

"ఇది?"

"అదీ నొప్పే."

"ఇది పన్ను కాదండీ, నేను మీ నోట్లో పెట్టిన అద్దం."

డాక్టరు అటు తిరిగి ఏదో వెతుక్కుంటున్నాడు. కుర్చీకి కుడిపక్క గోడ మీద ప్లగ్గులు వరసగా ఉన్నాయి. వాటి పైన చెక్క మీద కొత్త పెట్టె ఆకుపచ్చ దీపంతో మిణుకుమంటోంది. పంపాయన చెయ్యి జార్చి ఒక ప్లగ్గు పీకాడు. నెత్తి మీది పెద్ద దీపం ఆరిపోయింది.

"ఇవాళ దీనికేమైందో!" డాక్టరు ప్లగ్గు మళ్ళీ పెట్టాడు. "ఇందాక మీ బావమరిది కూర్చున్నప్పుడు కూడా ఇలాగే ఊడింది."

పంపాయన కళ్ళు పెద్దవయ్యాయి. కారణం అడుగుదామంటే నోట్లో అద్దం ఉంది.

"మీరు చూపించిన పన్ను రాయిలా ఉందండీ. దాని వెనక ఉన్నది లోపల పూర్తిగా పుచ్చిపోయింది. మామూలే. నొప్పి తెలిసేది ఒకచోట, జబ్బు ఉండేది ఇంకోచోట. పీకెయ్యాల్సిందే."

"వద్దు వద్దు. తగ్గిపోయింది."

"అది భయమండీ. మీ బావమరిది కూడా అచ్చం ఇదే మాటన్నారు." మాట పూర్తవకముందే సూది చిగుట్లోకి దిగింది. "చూశారా, అయిపోయింది. మొద్దుబారేదాకా కాస్త ఆగుదాం."

డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కొత్త పెట్టెను ముద్దుగా చూసుకున్నాడు. "టెస్టులంటే మీ బావాబావమరుదులవేనండీ. దీని కడుపు నిండిపోయింది. మీవి ఎన్ని ఉన్నాయో ఆయనవీ ఇంచుమించు అన్నే ఉన్నాయి."

పంపాయన చెయ్యి అప్పటికే సరైన ప్లగ్గు మీద ఉంది. ఈసారి పొరపాటు లేదు. తీగ ఆకుపచ్చ దీపం దాకా వెళ్ళడం కళ్ళారా చూశాడు. లాగితే చాలు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయనవీ అన్నే ఉన్నాయి! గుమ్మంలో నిలబడి నోరు విప్పనివాడు అంతంత ఏం రాశాడు? ఎవరికీ అందదనుకున్నప్పుడు మనిషి ఏం రాస్తాడో పంపాయనకు ఈ వారంలోనే తెలిసింది. ప్లగ్గు లాగితే తన పరువు దక్కుతుంది. దాంతోపాటు వాడి మాటలూ పోతాయి. మళ్ళీ వాడు నోరు విప్పడు, తనూ అడగడు. రేపటి నుంచి ఇద్దరి మధ్యా మళ్ళీ ఆ అంకె ఒక్కటే మిగులుతుంది, అదైనా వస్తే. అందితే అందనీ అనుకున్నాడు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

డాక్టరు తనలో తనే గొణుక్కుంటున్నాడు. "మీరు పంపేవి ఇక్కడికి వస్తున్నాయి. ఆయన పంపేవీ ఇక్కడికి వస్తున్నాయి. ఇంక రేంజి తక్కువ ఎక్కడుంది?" ఫోను తీసి పెట్టె అమరికలు తెరిచాడు. కాసేపు చూశాడు. "అయ్యో," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు పంపాయన, సగం నాలుకతో.

"ఏమీ లేదండీ. అంటే... పాత పెట్టె విన్నదాన్ని విన్నట్టు అవతలికి అందించేది. కొత్తదానికి వినమనీ, దాచమనీ చెప్పాను. అందించమని చెప్పడం మర్చిపోయాను. మీ ఇద్దరి ఇళ్ళ మధ్య మాట మొదట్నుంచీ నా మేడ మీదుగానే వెళ్తోంది. మీకు తెలియదా? నేరుగా ఏనాడూ అందింది లేదు."

ఇనప గొట్టం, పగిలిన పైపు, తడిసిన పరీక్ష పేపర్లు, ఊడిన దుకాణం బోర్డు వరసగా కళ్ళ ముందు తిరిగాయి. పంపాయన డాక్టరును ఒక మాట అనబోయాడు. పెదవి సహకరించలేదు.

"ఒక్క మీటండీ. ఇదిగో."

ముందు గదిలో టింగుమంది. ఇంకోసారి టింగుమంది. తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంది. అంతలో పంపాయన జేబు కూడా మోగడం మొదలెట్టింది. అటు చెయ్యి పోనిద్దామంటే, డాక్టరు అప్పటికే పట్టకారుతో దిగాడు. "కదలకండి పెద్దాయనా. జేబు సంగతి తర్వాత." టింగు, టింగు, టింగు. ఆఖరి టింగుతోపాటు పన్ను ఊడి పళ్ళెంలో పడింది.

"గంట దాకా నోరు విప్పకూడదు," అంటూ డాక్టరు దూది కుక్కి బయటికి పంపాడు. "ఇద్దరూ అలా బెంచీ మీద కూర్చోండి. రక్తం ఆగాక వెళ్దురుగాని."

బెంచీకి ఆ కొసన బావమరిది పెట్టె మీదికి వంగి చదువుకుంటున్నాడు. ఈ కొసన పంపాయన కూర్చుని జేబులోంచి తన పెట్టె తీశాడు.

"ఏం బావా, రేడియోకి కూడా ఒట్టు పెట్టావా?" అన్నది మొదటిది. పంపాయన ముక్కు ఎగరేసి కిందికి జరిపాడు. "నా దుకాణానికి రోజూ ఎంతమందో వస్తారు. కనపడకపోయినా కనపడుతోందని బొంకేవాళ్ళను చూశాను. అన్నీ కనపడుతున్నా కళ్ళు మూసుకుని కూర్చునేవాడివి నువ్వొక్కడివే." ఇంకా కిందికి. "నిచ్చెన నీదేనని తెలుసు. అది నా దగ్గరుంటే అడగడానికైనా ఒకసారి వస్తావనుకున్నా. నిచ్చెన లేకుండా ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొస్తున్నావయ్యా?"

పంపాయన తెరను కిందికి జరుపుతూ పోయాడు. ఆఖరిది పొడుగ్గా ఉంది.

"ఇది నీకు అందదు కాబట్టి చెబుతున్నా బావా. నన్ను రావద్దన్నది అక్కే. ఆసుపత్రి నుంచి ఫోను చేసి, నన్ను ఈ అవతారంలో చూడకురా, నీకు నేను నవ్వుతూ గుర్తుండాలి అంది. బావ ఏమనుకుంటాడే అన్నాను. ఆయనకు చెప్పకు, నేను రావద్దన్నానని తెలిస్తే నా మీద కోప్పడతాడు, ఇప్పుడు పడే ఓపిక నాకు లేదు అంది. నీ మీదైతే కోప్పడనీరా, నువ్వు పడతావులే అంది. పడుతున్నాను."

పంపాయన దాన్ని ఇంకోసారి చదివాడు. ఆమె తలుపు వైపే చూస్తూ పడుకోవడం గుర్తొచ్చింది. తమ్ముడు వస్తాడని చూస్తోందని ఆయన ఇన్నాళ్ళూ లోకమంతటి మీదా పళ్ళు నూరాడు. తమ్ముడు వచ్చేస్తాడేమోనని కాపలా కాసిందన్నమాట. మొండి మనిషి. చెబితే ఆమె మాట తను కాదంటాడా? అంటాడు. కచ్చితంగా తమ్ముణ్ణి రమ్మని కబురు పెట్టి ఉండేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

పక్కకు చూశాడు. బావమరిది కూడా ఆఖరి మాట దగ్గరికి వచ్చినట్టున్నాడు. కుళాయి సంగతి. అతను నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, ఎంత తుడిచినా తేటపడనట్టు. దగ్గరికి జరుగుదామా వద్దా అన్నట్టు కాస్త జరిగి, మధ్యలో ఆగిపోయాడు. పంపాయన జరగమనలేదు, వద్దనీ అనలేదు. దూది తియ్యకూడదని డాక్టరు చెప్పాడు కదా. కాసేపయ్యాక ఆయనే తన పక్కనున్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బెంచీ మీద చోటు ఖాళీ అయింది. బావమరిది వచ్చి అందులో కూర్చున్నాడు.

లోపల ఇంకేమీ మెత్తబడలేదు. ఇన్నేళ్ళు మోసిన కోపం అది, ఒక మాటకు దిగిపోయేది కాదు. దింపుకునే చోటు మాత్రం మారింది. ఇన్నాళ్ళూ దాన్ని పోసింది వేరేవాడి నెత్తిన. వాడేమో నోరు మూసుకుని మోశాడు.

డాక్టరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమండీ, ఇప్పుడు అన్నీ అందుతున్నాయా?"

ఇద్దరూ తలలూపారు.

"మరి ఇంకా అంత కోపంగా ఉన్నారేంటి పెద్దాయనా? ఇదంతా నా వల్లేననా?"

పంపాయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలితో పైకి చూపించాడు.

"మేడ మీది యాంటెన్నానా? సాయంత్రానికి దాన్ని కూడా సరిచేసేస్తానండీ," అన్నాడు డాక్టరు.

ఉబ్బిన బుగ్గతో పంపాయన ఇంటికి వెళ్ళి, భార్యను నాలుగు దులుపుదామని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ మాత్రం, బతికున్న రోజుల్లో లాగానే, ఆయనకు కోపం వచ్చే సమయానికి ఇంట్లో లేదు.